పురుడు ఎక్కడ, చుక్క ఎక్కడ

మ్యాపుల పనిలోకి రాబోయే కుర్రవాళ్లకు నేను మొదట చెప్పేది ఇది: అన్ని చుక్కలూ పెట్టిన మ్యాపు ఏమీ చెప్పదు. జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక చుక్క పెట్టి చూడండి. కాగితం నల్లబడుతుంది, అంతే. చూసినవాడు ‘చాలా శ్రమపడ్డారే’ అని మెచ్చుకుని, సంతకం పెట్టి వెళ్లిపోతాడు. చుక్కల్ని గుంపులు చేయాలి. ఏ గీత లోపల గుంపు చేయాలి, ఒక్కో చుక్క ఏ గుంపులోకి వెళ్లాలి అన్నదే అసలు ఉద్యోగం. మిగతాదంతా సిరా.

ఇప్పుడు మీరు ఈ పని కంప్యూటరు తెరమీద చేస్తున్నారు. మేం అరవైల చివర్లో, వెనక ఉన్నది కనబడే పల్చటి ట్రేసింగు గుడ్డ మీద చేశాం. సాధనం మారింది కానీ తప్పు జరిగే చోటు మారలేదు. అందుకే నా ప్రమోషన్లు, బదిలీలు పక్కనపెట్టి, చేరిన కొత్తలో గీసిన ఒక్క మ్యాపు గురించి రాస్తాను.

పళ్లెం, పిక్కలు

పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ చదువు పూర్తి చేసి, శ్రీకాకుళంలో ఆరోగ్య శాఖ కింద ఉన్న చిన్న పటాల విభాగంలో చేరాను. ఒక గది, ముగ్గురు మనుషులు. విభాగానికి పెద్ద జగన్నాథం గారు. లెక్కల గుమాస్తా సింహాచలం. గీసేవాణ్ణి నేను. అప్పట్లో బొబ్బిలి, రాజాం, గరివిడి కూడా మా జిల్లాలోవే. ఆ ఊళ్లన్నిటి జనన మరణాల నకళ్లు మూటలు మూటలుగా మా గదికి వచ్చేవి. ఒక్కో ఊరికి ఒక్కో మూట.

జగన్నాథం గారు తాలూకా లెక్కల్ని నమ్మేవారు కాదు. ‘తాలూకా అనేది శిస్తు వసూలు కోసం గీసిన గీతయ్యా. కడుపుతో ఉన్న మనిషికి తాలూకా తెలియదు’ అనేవారు. తాలూకా మొత్తానికి ఒకే సగటు తీస్తే, ఒక మూల కష్టమంతా ఇంకో మూల సుఖంలో కలిసి కనబడకుండా పోతుంది. అందుకని ఆయన జిల్లా అంతటినీ సమానమైన చదరపు గడులుగా విడగొట్టించారు. అవే గడులతో వడ్రంగి చేత ఒక చెక్క పళ్లెం చేయించారు. సింహాచలం మూట విప్పి ఊరి పేరు చదువుతాడు. నేను ఆ ఊరున్న గడిలో ఒక చింతపిక్క వేస్తాను. ఒక జననానికి ఒక పిక్క. మూటలన్నీ అయ్యాక గడుల్లో పిక్కలు లెక్కపెట్టి, లెక్కను బట్టి ట్రేసింగు గుడ్డ మీద గీతలు వేస్తాను. ఏమీ లేకపోతే తెలుపు, తర్వాత చుక్కలు, ఆపైన ఏటవాలు గీతలు, అడ్డదిడ్డం గీతలు, చివరికి పూర్తి నలుపు. ఐదు రకాలకు మించి వేయనిచ్చేవారు కాదు. ఆరో రకాన్ని కన్ను గుర్తుపట్టదని ఆయన వాదన. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను దాన్ని కాదనలేను.

సింహాచలం నోరు ఊరుకునేది కాదు. ‘సూసి ఎయ్యి బావూ. నీ సెయ్యి జారితే బొబ్బిలి పిల్లగుంటలంతా రాజాం ఎల్లిపోతారు’ అని ఎగతాళి చేసేవాడు.

రెండు పొరలు ఒప్పుకోని చోటు

ఆ ఏడు వేసవి మొదట్లో మాకు ఒక పని అప్పగించారు. బొబ్బిలికీ రాజాంకీ నడుమ ఊళ్లకు కాన్పులు చూసే నర్సు ఒకామె, ఒక జీపు మంజూరయ్యాయి. ఒక్క నర్సు, ఒక్క జీపు. ఆమెను ఏ ఊళ్లో ఉంచాలో తేల్చే మ్యాపు కావాలి. కాలవ కింద ఉన్న నీలాపురం నుంచి సమితి ప్రెసిడెంటు అప్పటికే తన ఖాళీ ఇల్లు ఊరికే ఇస్తానని చెప్పేశాడు. నీలాపురానికి మంచి రోడ్డు ఉంది. అందరూ అక్కడికే అనుకుంటున్నారు.

మేం మూడు పొరలు గీశాం. మొదటి గుడ్డ మీద జననాలు, రెండో దాని మీద కాన్పులో చనిపోయిన తల్లులు, మూడో దాని మీద రోడ్లు. పొరల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, అద్దం బల్ల కింద దీపం వెలిగిస్తే మూడూ కలిసి కనబడతాయి. మీరు తెరమీద మీట నొక్కి చేసేది సరిగ్గా ఇదే.

జననాల పొరలో కాలవ కింది పల్లపు ఊళ్లు నల్లగా వచ్చాయి. బొబ్బిలి వైపు మెట్ట ఊళ్ల గడులు చాలావరకు వట్టి చుక్కలే. ఇదంతా నీలాపురానికి అనుకూలం. కానీ మరణాల పొర పైన పరవగానే లెక్క తప్పింది. తల్లుల చావులు నల్లగా ఉన్నది మెట్ట మీద. అక్కడ పుట్టేవాళ్లు తక్కువ, పురిట్లో చచ్చేవాళ్లు ఎక్కువ. ఒక గడిలో అలా ఉంటే పొరపాటు అనుకోవచ్చు. వరసగా పక్కపక్క గడులన్నీ అలాగే ఉన్నాయి.

జగన్నాథం గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశారు.

‘మెట్ట కరణాలు జననాలు సరిగా రాయరు. రాత తప్పు. జననాల పొర ఒక్కటే పంపు.’

‘చావులు రాసినవాళ్లే కదండీ పుట్టుకలూ రాసేది. ఒకటి సరిగా రాసి రెండోది తప్పు రాస్తారా?’

‘నీకు అనుమానమైతే వెళ్లి చూసిరా. నర్సు సంగతి తేల్చే మీటింగు నాటికి మ్యాపు నా బల్ల మీద ఉండాలి.’

ఆయన్ను మెచ్చుకోవలసింది ఇక్కడే. నోరు మూసుకోమనలేదు, వెళ్లి చూడమన్నారు. నేను తర్వాత పనిచేసిన పై అధికారుల్లో అలా అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రాళ్లవలస

బస్సులో బొబ్బిలి దిగి, అద్దె సైకిలు మీద మెట్ట మీదికి ఎక్కాను. మరణాల పొరలో అన్నిటికన్నా నల్లటి గడిలో ఉన్న ఊరు రాళ్లవలస. మొదటి ఇంటి ముందు ఒకామె చేటతో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. పేరు అప్పలనర్సమ్మ.

‘ఎవులు బావూ? టీకాలోలా?’

‘కాదమ్మా. మ్యాపులు గీస్తాను. ఎక్కడ ఏముందో కాగితం మీద చూపించేవాణ్ణి.’

‘మా ఊర్లో ఏటున్నాదని గీస్తావు? రాళ్లున్నాయి. గీసుకో.’

నర్సు సంగతి చెప్పగానే ఆమె చేట కింద పెట్టింది. పెద్ద కూతురు మొదటి కాన్పులో చనిపోయిందట. నొప్పులు మొదలయ్యాక బండెక్కించి బొబ్బిలి ఆసుపత్రికి బయల్దేరితే, దారి సగంలోనే అంతా అయిపోయింది. ఆమె ఏడవలేదు. ఆ బండి ఎక్కడ ఆగిందో చేత్తో చూపించింది. ఇంటి ముందు నుంచే ఆ చోటు కనబడుతుంది.

అప్పుడే లోపల నుంచి రెండో కూతురు పైడమ్మ మంచినీళ్ల చెంబుతో వచ్చింది. నిండు చూలాలు.

‘ఇది సిన్నది. దీనికీ ఇదే మొదలు. ఏడో నెల పెట్టగానే అత్తోరింటి నుంచి తెచ్చేసినాం’ అంది అప్పలనర్సమ్మ. ‘నర్సు ఒస్తాదా రాదా? ఒక్కమాట సెప్పు బావూ. ఒస్తే, ఇది కనీలోగా ఒస్తాదా?’

‘ఇంకా తేలలేదమ్మా’ అని, పైడమ్మను అడిగాను. ‘మీ అత్తవారిది ఏ ఊరు?’

‘నీలాపురమండి.’

చెంబు చేతిలో ఉండగానే నా బుర్రలో పళ్లెం కనబడింది. ఈమెకు బిడ్డ పుడితే సింహాచలం ఏ ఊరు చదువుతాడు? రాళ్లవలస మూట విప్పుతాడు. అందులో తండ్రి నివాసం అనే చోట నీలాపురం అని ఉంటుంది. మాకిచ్చిన సూచనల్లో జననాన్ని తండ్రి నివాసం కింద లెక్కించాలని ఉంది. పిక్క నీలాపురం గడిలో పడుతుంది. అదే ఈమె ప్రాణానికి ఏమైనా అయితే? మరణాన్ని జరిగిన చోటే లెక్కించాలి. ఆ లెక్క రాళ్లవలస గడిలో పడుతుంది. మనిషి ఒక్కతే, మంచం ఒక్కటే. మా పొరలు మాత్రం ఆమెను రెండు ఊళ్లలో చూపిస్తున్నాయి.

ఆ సాయంత్రం వరకు ఇల్లిల్లూ తిరిగాను. పల్లపు ఊళ్లకు ఇచ్చిన ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ పురిటికి వచ్చి ఉన్నారు. మరి పల్లం నుంచి ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు? ఒక్కరూ కనబడలేదు. కోడళ్లంతా చుట్టుపక్కల మెట్ట ఊళ్లవాళ్లే. నీళ్లున్న ఊరికి పిల్లనివ్వాలని మెట్ట తండ్రి కోరుకుంటాడు. తన పిల్లను రాళ్లలోకి పంపాలని పల్లపు తండ్రి కోరుకోడు. పిల్లలు కిందికి వెళ్తారు, పురుళ్లకు పైకి వస్తారు. రాకపోకలు రెండు వైపులా సమానంగా ఉంటే మా పిక్కలు అటూ ఇటూ సర్దుకుపోయేవి. ఇక్కడ ప్రవాహం ఒకవైపే.

మళ్లీ పిక్కలు

తిరిగి రాగానే సింహాచలానికి చెప్పాను. ‘తండ్రి ఊరు చదవకు. మూట ఏ ఊరిదో ఆ ఊరే చదువు.’

‘మళ్లీ మొత్తమా? ఓలమ్మో! ఈ పిక్కలన్నీ పాతిపెడితే జిల్లా అంతా సింతసెట్లే బావూ’ అన్నాడు. కానీ మూటలు విప్పాడు.

మెట్ట గడులు మా కళ్ల ముందే నిండాయి. నీలాపురం చుట్టూ గడులు తగ్గాయి. జననాల పొర మీద మరణాల పొర పరిస్తే ఈసారి రెండూ దాదాపు ఒకేచోట నల్లబడ్డాయి. మెట్ట ఆడవాళ్ల కాన్పుల్లో ఏదో అంతుబట్టని కీడు ఉందేమో అన్న అనుమానం పోయింది. కాన్పులు ఎక్కువ, దగ్గర్లో సాయం లేదు. అంతే.

ఒక్క చోట మాత్రం కొత్త పొర, పాత పొర అచ్చం ఒకటిగా వచ్చాయి. అది సముద్రపు ఒడ్డు. నేను కంగారుపడ్డాను, మళ్లీ లెక్కపెట్టించాను. సింహాచలం నవ్వాడు. అతని మేనత్త ఇల్లు ఆ వైపే.

‘సేపలోల పేటల్లో పిల్లనిస్తే పక్కింటికిస్తారు, లేపోతే పక్క పేటకిస్తారు. పిల్లకి దెబ్బ పడితే పుట్టింటోలకి ఇనిపిస్తాది. ఏ ఊరు రాసినా నీ గడి అదే.’

ఈ ఒడ్డు సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. ఒక దిద్దుబాటు చేసినప్పుడు, మారవలసిన చోట మారిందా అని అందరూ చూస్తారు. మారకూడని చోట మారకుండా ఉందా అని కూడా చూడాలి. నాకు ధైర్యం వచ్చింది మెట్టను చూసి కాదు, ఒడ్డును చూసి.

ఆదివారం

మీటింగు సోమవారం. ఆదివారం గుడ్డల చుట్ట చంకన పెట్టుకుని జగన్నాథం గారింటికి వెళ్లాను. వసారాలో ఆయన, ఆయన తల్లి కూర్చుని ఉన్నారు. నేను చెప్పిందంతా ఆయన విన్నారు. తల అడ్డంగా ఊపారు.

‘సూచనల్లో తండ్రి నివాసం అని స్పష్టంగా ఉంది. మనిష్టం వచ్చినట్టు మారిస్తే పక్క జిల్లాల మ్యాపులతో మనది కలవదు.’

ఆ మాట అంటుండగానే ఆయన కూతురు కాఫీ గ్లాసులు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. తొమ్మిదో నెల. ఆమె అత్తవారిది రాజాం అని నాకు తెలుసు.

‘అమ్మాయిగారి బిడ్డ లెక్క మనం ఎక్కడ వేస్తామండీ?’ అన్నాను.

‘రాజాంలో. అల్లుడిది రాజాం.’

‘మరి ఇప్పుడు నర్సు ఎక్కడికి రావాలండీ?’

ఆయన గ్లాసు అందుకోలేదు. ఆయన తల్లి మధ్యలోకి వచ్చారు.

‘ఏటడుగుతన్నాడ్రా ఈ బాబు? మన పిల్లకి రాజాం నర్సెందుకు? మన ఈది సివర ఆసుపత్రున్నాది కదేటి?’

‘అదేనండీ మామ్మగారూ. మీ వీధి చివర ఉంది. మెట్ట మీద లేదు.’

‘అయితే ఆ పిల్లలకి దగ్గర్లో పెట్టండి. దీనికి మీటింగేటి మళ్లీ?’

జగన్నాథం గారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. గుడ్డలు నేల మీద పరవమన్నారు. చాలాసేపు చూసి, నేను ఆలోచించని ప్రశ్న ఒకటి వేశారు.

‘మా అమ్మాయిది మొదటి కాన్పు కాబట్టి ఇక్కడుంది. రెండోది, మూడోది అత్తవారింట్లోనే పురుడు పోసుకుంటుంది. మెట్ట పిల్లలూ అంతే కదా? నువ్వు అన్ని కాన్పుల్నీ ఒకే గుంపులో వేశావు.’

ఆయన చెప్పింది నిజం. నా పొర పాతదాని కంటే మెరుగు, కానీ పూర్తి కాదు. ఆ మధ్యాహ్నం సింహాచలాన్ని ఇంటి నుంచి పిలిపించుకుని, ముగ్గురం ఆఫీసు తెరిచాం. బొబ్బిలి, రాజాం నడుమ ఊళ్ల మూటలు మాత్రమే విప్పాం; నకళ్లలో ఎన్నో కాన్పో రాసి ఉంటుంది కాబట్టి తొలి కాన్పులకు చింతపిక్కలు, మలి కాన్పులకు కుంకుడు గింజలు. పొద్దు వాలేలోగా రెండు వేరు పొరలు సిద్ధమయ్యాయి. తొలి కాన్పులు మెట్ట మీద నలుపు. మలి కాన్పులు పల్లంలో నలుపు. మరణాల పొర ఎక్కువగా మొదటిదానితో కలిసింది, కొంత రెండోదానితోనూ కలిసింది.

కిటికీ

మీటింగు గదిలో అద్దం బల్ల లేదు. కరెంటూ లేదు. గుడ్డల్ని ఒకదాని మీద ఒకటి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాం. అటు చివర సింహాచలం, ఇటు చివర నేను. వెనక నుంచి ఎండ. జిల్లా పెద్ద డాక్టరు గారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. పక్కన నీలాపురం ప్రెసిడెంటు.

‘మెట్ట మీద ఎవులున్నారండి? మేకలున్నాయి. నాను ఇల్లు ఊరికే ఇస్తానంటంటే మీరు రాళ్లల్లో పెడతామంటారేటి?’ అన్నాడు ప్రెసిడెంటు.

నేను జవాబు వెతుక్కునేలోగా జగన్నాథం గారు లేచారు. ‘మీ అబ్బాయికి కిందటేడు పెళ్లయింది కదండీ. కోడలు గారు బాగున్నారా?’

‘బాగున్నాది. పురిటికెల్లింది.’

‘ఎక్కడికి?’

‘పుట్టింటికి. బొబ్బిలి వైపు, మెట్ట మీద...’ అని ప్రెసిడెంటు ఆగిపోయాడు. గదిలో ఎవరో దగ్గారు. డాక్టరు గారు కిటికీ దగ్గరికి వచ్చి, మెట్ట గడుల మీద వేలు పెట్టారు.

‘ఈ నలుపు పాత మ్యాపులో లేదే?’

‘మనుషులు అక్కడే ఉన్నారండీ. మేం వాళ్లను భర్తల ఊళ్లలో లెక్కపెట్టాం’ అన్నారు జగన్నాథం గారు. ‘మేం’ అన్నారు. సూచనలు రాసినవాళ్ల మీదకు నెట్టలేదు.

నర్సును రాళ్లవలసలో ఉంచాలని, జీపు వారానికోసారి నీలాపురం వైపు వెళ్లాలని తేల్చారు. ప్రెసిడెంటు ఇల్లు ఖాళీగానే ఉండిపోయింది. బయటకు వచ్చాక అతను నాతో ‘నీ గుడ్డముక్కలు మా ఊరి నోట మట్టి కొట్టాయి’ అన్నాడు. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత

వానలు మొదలయ్యాక జీపు తిరగవలసిన దారులు గీయడానికి మళ్లీ మెట్ట మీదికి వెళ్లాను. నర్సమ్మ అప్పటికే రాళ్లవలసలో ఒక పెంకుటింట్లో కుదురుకుంది. పైడమ్మకు కాన్పు అయిపోయింది. కష్టపు కాన్పే. బిడ్డ అడ్డం తిరిగితే, నర్సు చూసిన వెంటనే జీపులో బొబ్బిలి ఆసుపత్రికి తరలించిందట. తల్లీ బిడ్డా బతికారు.

అప్పలనర్సమ్మ నన్ను చూసి ‘ఇదిగో, రాళ్లు గీసీ బాబొచ్చినాడు’ అని అరిచింది. బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టేసింది. పసిబిడ్డను ఎత్తుకోవడం నాకు అదే మొదలు.

చూడ్డానికి వచ్చిన పైడమ్మ మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నీలాపురం రైతు.

‘ఆ మ్యాపు మీదేనేటి బాబూ? మా ఊరిక్కూడా కొంచెం నలుపు పుయ్యండి. మీ సొమ్మేటి పోద్ది?’ అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైడమ్మ నవ్వలేదు. గుమ్మం లోపల నుంచి అడిగింది.

‘మొదటిది ఇక్కడయ్యింది కాబట్టి బతికినాను. రెండోది నీలాపురంలోనే కదండీ. అప్పటికి జీపు అక్కడుంటాదా?’

‘వారానికోసారి వస్తుంది’ అన్నాను.

‘నొప్పులు వారం సూసుకోని రావు కదండీ’ అంది.

కుర్రవాళ్లకు చెప్పవలసిందంతా ఆ గుమ్మంలోనే ఉంది. ఉన్నది ఒక్క జీపు అయినప్పుడు మీరు నలుపు చేసే ప్రతి గడీ ఇంకో గడి వాటాను తీసుకుంటుంది. అది తప్పు కాదు, చేసి తీరాలి. మా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ మ్యాపు చెప్పేది ఈ ఏడు సంగతి. అదే మనిషి రెండేళ్ల తర్వాత ఇంకో గడిలో మంచం మీద ఉంటుంది. మలి కాన్పుల పొర కిటికీ దగ్గర మా చేతుల్లోనే ఉంది. అందరూ మొదటి పొరనే చూశారు. మేం కూడా దాన్నే చూపించాం.

‘నీలాపురం వైపు ఇంకో నర్సును అడుగుతాం. దానికీ మ్యాపు గీస్తాను’ అని పైడమ్మకు చెప్పాను.

‘గీసి ఊరుకోకండి. కిటికీ కాడ మీరే నిలబడి సూపించండి’ అంది. మీటింగులో కిటికీ ముచ్చట ఆమె దాకా ఎలా చేరిందో నాకు తెలియదు, సింహాచలం నోరే అయి ఉంటుంది.

బిడ్డను అమ్మమ్మకు ఇచ్చి సైకిలెక్కాను. మర్నాడు ఆఫీసులో కొత్త ట్రేసింగు గుడ్డ పరిచి, నీలాపురం గడి నుంచి మొదలుపెట్టాను.